పెళ్లి పెరుగు, కోల్డ్ రూము, ఒక స్క్రూడ్రైవరు

మన దగ్గర చల్లబరిచే యంత్రం ఏది మొరాయించినా జబ్బు ఒక్కటే: గ్యాస్ అయిపోయింది. ఇంట్లో ఫ్రిజ్ అయినా, ఆఫీసులో ఏసీ అయినా, బస్టాండులో వాటర్ కూలర్ అయినా ఆ మాట చెప్పడానికి మూత విప్పి చూడక్కర్లేదు. గడ్డి పెట్టి నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌కి కూడా గ్యాస్ అయిపోయిందని చెప్పిన పెద్దమనిషిని నేనెరుగుదును. దాంట్లో ఉండేది నీళ్లు, గడ్డి, ఒక ఫ్యాను, అంతే. కానీ ఆయన చెప్పిన ధీమా చూసి అక్కడున్న వాళ్లెవరూ నోరు మెదపలేదు.

జబ్బు ఒక్కటే అయినప్పుడు మందు కూడా ఒక్కటే ఉండాలి కదా. ఉంది: డైరెక్ట్ ఇచ్చేయడం, అంటే మధ్యలో ఉన్నదాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేయడం. స్విచ్ పోతే డైరెక్ట్. టైమర్ సతాయిస్తే డైరెక్ట్. ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తుంటే అక్కడ లావుపాటి తీగ చుట్టి మరీ డైరెక్ట్. ఈ జబ్బూ ఈ మందూ కలిసి మా బాబాయి కోల్డ్ రూముని ఏ గతి పట్టించాయో చెబుతాను.

బాబాయిది రాజమండ్రిలో క్యాటరింగ్. వంటశాల వెనక మనిషి నిలబడి తిరిగేంత కోల్డ్ రూము ఉంది. చుట్టూ వేడి చొరకుండా నురగ నింపిన పఫ్ ప్యానెళ్లు, లోపల పైన కూలింగ్ కాయిలూ దాని ఫ్యాన్లూ, బయట గోడవార ఔట్‌డోర్ యూనిట్. తలుపు పక్కన డిగ్రీలు చూపే ఎర్ర అంకె ఎప్పుడు చూసినా 3కీ 4కీ మధ్య ఉంటుంది. మే నెల, మంచి ముహూర్తాలు. మర్నాడు మధ్యాహ్నం పెద్ద పెళ్లి భోజనం. లోపల పాలు, పన్నీరు, కోవా, కూరలు, వీటన్నిటికీ మించి క్యాన్ల కొద్దీ పెరుగు. పొద్దున్నే వంట మేస్త్రి వచ్చి, "బాబుగారూ, అంకె 14 చూపిస్తుందండీ" అన్నాడు.

పది నిమిషాల్లో కోల్డ్ రూము ముందు ఊరంతా చేరింది. పాల వ్యాను డ్రైవరు లోపలికి తల పెట్టి వాసన చూసి, గ్యాస్ అయిపోయిందన్నాడు. ఎదురుగా టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే, రోడ్డు అవతలి నుంచే, గ్యాస్ అయిపోయిందన్నాడు. వాచ్‌మన్ అయితే తనకి పోయిన వారమే అనుమానం వచ్చిందనీ, అడగలేదు కాబట్టి చెప్పలేదనీ అన్నాడు.

ఒక్క మా మావయ్య మాత్రం ఈ మాట ఒప్పుకోలేదు. పిన్ని తమ్ముడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. పెళ్లి భోజనానికని ముందే దిగాడు. "బావా, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది" అన్నాడు. చేశాడు. కంప్రెసర్ ఒక్క మూలుగు మూలిగి టక్కున ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ మూలుగు, మళ్లీ టక్కు. నడుస్తున్న కంప్రెసర్‌ని ఆపి వెంటనే వేస్తే ఇంతే. ఒక పక్క పీడనం ఇంకా దిగకుండానే మోటారు తిరగబోతుంది, తిరగలేదు, వేడెక్కుతుంది, లోపలి ఓవర్‌లోడ్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఆపాక కనీసం ఐదు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. కానీ ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని నిలబడమంటే మా వాళ్ల వల్ల ఎక్కడవుతుంది?

అంకె 15కి వెళ్లింది.

అప్పుడు పిన్ని ఫోన్ చేసి ఒక పెద్దాయన్ని పిలిపించింది. రొయ్యల ప్లాంట్లలో కోల్డ్ స్టోరేజీలు చూసి చూసి జుట్టు నెరిసిన మెకానిక్. వచ్చి టీ తాగాడు. పెట్టె తెరవలేదు. బాబాయి కంగారుగా, "గ్యాస్ అయిపోయినట్టుందండీ గురువుగారూ" అన్నాడు.

"ఎక్కడికి పోద్దండీ?" అన్నాడాయన. "పొయ్యి కింద సిలిండరైతే మండి అయిపోద్ది. ఇది మూసిన గొట్టాల్లో తిరిగే సరుకు. లోపల ఆవిరై వేడి లాక్కుంటది, బయటికొచ్చి ఆ వేడి వదిలేసి నీరవుద్ది, మళ్లీ లోపలికెళ్తది. చిల్లు పడితే తప్ప పదేళ్లయినా అంతే ఉంటది. ఆయ్."

పాల వ్యాను డ్రైవరుకి ఈ మాట నచ్చలేదు. బండి తీసుకుని వెళ్లిపోయాడు.

పెద్దాయన ముందు బయటి యూనిట్ దగ్గరికి నడిచాడు. పాపం దాని పక్కనే వంటశాల ఎగ్జాస్ట్ ఫ్యాను. ఏళ్ల తరబడి పోపు పొగా, శనగపిండీ, దుమ్మూ కలిసి, వేడి వదిలే కండెన్సర్ రేకుల మధ్య పేరుకుపోయి రేకులే కనబడటం లేదు. ముందు ఖాళీ అట్టపెట్టెలు, వాటి మీద గోనె సంచులు, వాటి మీద ఒక పిల్లి. లోపలి వేడినంతా ఇక్కడ బయటికి ఊదాలి, ఊదడానికి దారి లేదు, పైగా రాజమండ్రి ఎండ. పిల్లి మాత్రం కదలడానికి ఒప్పుకోలేదు.

తర్వాత తలుపు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి, రబ్బరు గ్యాస్కెట్‌కీ చౌకట్టుకీ మధ్య పెట్టి తలుపు వేసి లాగాడు. బిగుతుగా ఉంటే నోటు ఇబ్బంది పడుతూ రావాలి. ఇది జారుకుంటూ వచ్చేసింది. కింది మూల మరీ అన్యాయం, అక్కడ నోటు తనంతట తానే కింద పడింది. తలుపు వెనక వేలాడాల్సిన ప్లాస్టిక్ పరదా పట్టీలన్నీ ఒక చీర అంచుతో కట్టేసి మేకుకి తగిలించి ఉన్నాయి. తలకి తగిలి చిరాగ్గా ఉంటున్నాయని మేస్త్రే కట్టించాడట.

"రోజుకెన్నిసార్లు తీస్తారండీ ఈ తలుపు?"

మేస్త్రి జవాబు చెప్పలేదు. చెప్పలేడు. ఎండాకాలంలో ఆ వంటశాలలో కొత్తిమీర అవసరం విపరీతంగా పెరిగిపోతుంది. ఒక కట్ట కోసం ఇద్దరు వెళ్తారు. తీసుకొచ్చాక అది సరిపోదని తేలుతుంది. మధ్యాహ్నం ఎవరూ కనపడకపోతే, పెరుగు క్యాన్ల మధ్య గుండ్రంగా కూర్చుని భోంచేస్తుంటారు. చలిలో కూర్చున్న ఒక్కో మనిషి ఒంట్లోంచి వంద వాట్లకు పైగా వేడి వస్తుందనీ, నలుగురు కూర్చుంటే లోపల హీటరు పెట్టినట్టేననీ పెద్దాయన చెప్పాడు. ఆ నలుగురూ గోడ వైపు తిరిగి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు.

లోపలికెళ్లాక అసలు కథ మొదలైంది. పెళ్లి సరుకు ఎక్కువైందని క్రేట్లు కప్పు దాకా పేర్చారు, అదీ సరిగ్గా ఫ్యాన్ల ముందు. వచ్చిన ఆ కాస్త చల్లగాలీ మొదటి వంకాయల క్రేటు దగ్గరే ఆగిపోతోంది. కింద నేల మీద గుండిగల్లో రాత్రి సాంబారు, ఇంకా గోరువెచ్చగా ఉంది. గోడ మీద బాబాయే అంటించిన ఆహార భద్రత కాగితం ఉంది: చల్లగా ఉంచాల్సినవి 5 డిగ్రీలు దాటకూడదు, వేడిగా ఉంచాల్సినవి 60కి తగ్గకూడదు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవన్నీ కోల్డ్ రూములో తోసేయొచ్చని మేస్త్రి దాన్ని అర్థం చేసుకున్నాడు.

క్రేట్లు దించి కాయిల్ మూత విప్పారు. రేకులు లేవు, గొట్టాలు లేవు, తెల్లగా, నున్నగా, నిండుగా మంచు. అమర్‌నాథ్ లింగంలా ఉంది. వాచ్‌మన్ చెప్పులు విప్పి దండం పెట్టాడు.

"ఇంత మంచుంటే ఇంకా చల్లగా ఉండాలి కదండీ?" అన్నాడు బాబాయి. అందరి మనసులోనూ అదే ఉంది. కానీ ఆ మంచే అడ్డు. గాలి ఆ రేకుల సందుల్లోంచి దూరి వెళ్తేనే చల్లబడుతుంది, సందులన్నీ మంచుతో పూడిపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. సాంబారు ఆవిరి, తలుపు సందులోంచి వచ్చే తేమ, భోజనాలు చేసే వాళ్ల ఊపిరి, అన్నీ వెళ్లి అక్కడ గడ్డకట్టాయి. ఆ మంచు ఎప్పటికప్పుడు కరిగించడానికే డీఫ్రాస్ట్ టైమర్ ఉంటుంది. రోజూ ఒక వేళకి కంప్రెసర్నీ ఫ్యాన్లనీ ఆపి, హీటరు వేసి, కాసేపట్లో మంచు కరిగించి నీళ్లు బయటికి పంపుతుంది.

"మరి టైమర్ ఏమైంది?" అని పెద్దాయన ప్యానెల్ తెరిచి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. "దీన్ని ఎవరండీ డైరెక్ట్ చేసింది?"

కూపీ లాగితే తేలింది ఇదీ. ఆ టైమర్ పాతకాలం గడియారం బాపతు, 24 గంటల డయలు, చుట్టూ పిన్నులు. రాత్రి రెండింటికి మంచు కరిగించమని ఎప్పుడో పెట్టారు. కరెంటు పోతే గడియారమూ ఆగుతుంది. జనరేటరు ఉంది గానీ అది గ్రైండర్లకీ లైట్లకీ. అలా పోయిన కరెంటంతా కూడి, దాని రాత్రి రెండు కాస్తా మన మధ్యాహ్నం పన్నెండు అయింది. అంటే సరిగ్గా వడ్డనల వేళకి ఫ్యాన్లు ఆగిపోవడం మొదలైంది. మేస్త్రి హడలిపోయి వీధి చివర ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ని పిలిచాడు. అతను చూసి నవ్వి, రెండు తీగలు కలిపి, యాభై రూపాయలు పుచ్చుకుని వెళ్లాడు. ఆ రోజు నుంచి ఫ్యాన్లు ఆగింది లేదు. కుర్రాడు చాలా తెలివైనవాడని మేస్త్రి వాళ్ల చుట్టాలకి కూడా చెప్పాడట.

"మగ్గుతో మామూలు నీళ్లు పోస్తూ కూర్చోండి. కరిగే దాకా ఏదీ పెట్టి పొడవొద్దు" అని చెప్పి పెద్దాయన కొత్త గ్యాస్కెట్ తేవడానికి బజారుకి వెళ్లాడు.

మగ్గుతో పోయడం మొదలుపెట్టారు. మంచు నింపాదిగా ఉంది. బాబాయి గంటకోసారి కాదు, నిమిషానికోసారి వాచీ చూస్తున్నాడు. ఆయన అవస్థ చూడలేక మావయ్య స్టూలెక్కాడు. చేతిలో స్క్రూడ్రైవరు. "జాగ్రత్తగా అంచులు మాత్రమే తీస్తాను బావా" అన్నాడు. అంచులు బాగానే వచ్చాయి. ధైర్యం వచ్చి కొంచెం లోపలికి పోయాడు.

బుస్స్‌స్‌స్.

సరిగ్గా అప్పుడే గ్యాస్కెట్ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పెద్దాయన, "ముందు అందరూ బయటికి రండి, తలుపు బార్లా తీయండి!" అని అరిచాడు. మూసిన గదిలో ఆ గ్యాసు నిండితే ఊపిరాడదు. అందరూ వచ్చారు. మావయ్య స్టూలుతో సహా వచ్చాడు. బుసబుస తగ్గి, సన్నబడి, ఆగింది. పెద్దాయన బీడీ తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు.

"ఇప్పుడయిపోయిందండీ గ్యాసు" అన్నాడు.

అవతల టీ కొట్టాయన, "నేను పొద్దున్నే చెప్పానా లేదా!" అన్నాడు.

ఇక మిగిలింది పెరుగు. దగ్గర్లో రొయ్యల వ్యాను ఒకటి ఖాళీగా ఉంది, చల్లగా ఉంటుంది, అందులో పెడదామని మేస్త్రి అన్నాడు. పిన్ని అతని వైపు చూసిన చూపుతో ఆ ఆలోచన అక్కడే పోయింది. చివరికి ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి, ఊక పోసి, గోనె సంచులు కప్పి, క్యాన్ల చుట్టూ పేర్చారు. ఊకనీ పొట్టునీ తేలిగ్గా తీసేయకండి. 1833లో ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి ఓడ నిండా చెరువు మంచు కోయించి కలకత్తా పంపితే, నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత కూడా సగానికి పైనే మిగిలింది. మద్రాసు బీచిలో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, దాన్నే వివేకానంద ఇల్లం అంటారు. కంప్రెసర్ లేదు, గ్యాసు లేదు, రంపపు పొట్టూ మందపాటి గోడలూ. మావయ్యలు కూడా ఉండి ఉండరు.

పెద్దాయన రాత్రి దాకా పనిచేశాడు. మంచంతా నీళ్లతో కరిగించి, చిల్లు వెతికి వెల్డింగ్ చేసి, నైట్రోజన్ ఎక్కించి ఇంకా ఎక్కడైనా కారుతోందేమో సబ్బు నురగతో చూసి, గాలీ తేమా లేకుండా వాక్యూమ్ పట్టి, సిలిండర్ని తూకం మీద పెట్టి ఆర్-404ఏ అనే గ్యాసు నింపాడు. కండెన్సర్ కడిగాడు, పిల్లికి వేరే చోటు చూపించారు. టైమర్ తీగలు విడదీసి గడియారం సరిచేసి, కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడల్లా దీన్ని దిద్దుకోవాలని చెప్పాడు. ఆ డ్యూటీ పిన్ని తీసుకుని ప్యానెల్‌కి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడుందో బాబాయికి కూడా తెలియదు. బిల్లు చూసి బాబాయి గ్యాసు ఖర్చు దగ్గర వేలు పెట్టి మావయ్య వైపు చూశాడు. మావయ్య అప్పటికే ఆఫీసు కాల్‌లో ఉన్నాడు.

మర్నాడు పెళ్లి భోజనం దివ్యంగా జరిగింది. ఐస్ దిమ్మల మధ్య రాత్రంతా ఉన్న పెరుగు, కత్తితో కోస్తే ముక్క తెగేలా వచ్చింది. ఆఖరి వరసలో మగపెళ్లివారి పెద్దాయన ఒకరు బాబాయిని చెయ్యి ఊపి దగ్గరికి పిలిచి, చెంప పట్టుకుని, "అంతా బావుంది గానీ, పెరుగు మరీ ఇంత చల్లగానా? పళ్లు జివ్వుమంటున్నాయి. మీ కోల్డ్ రూము కాస్త తగ్గించి పెట్టుకోవచ్చు కదండీ" అన్నాడు.

బాబాయి చేతులు జోడించి, "అలాగేనండీ, తగ్గిస్తాం" అన్నాడు.