అడగని వాడే ప్రియుడు

ప్రేమను ఎలా తెలపాలో తెలియక తరతరాలుగా తంటాలు పడుతున్న కుర్రకారుకు అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్ 2005లో ‘ట్వైలైట్’ నవలతో చేసిన మేలు ఇంతా అంతా కాదు. అంతవరకు ఉత్తరాలు రాసి, పూలు కొనిచ్చి, జవాబు కోసం పడిగాపులు కాసేవారు. ఎడ్వర్డ్ కల్లెన్ అనే రక్తపిశాచి ఆ బెడద తీర్చి, నిద్రపోతున్న బెల్లా అనే అమ్మాయి గదిలోకి చెప్పాపెట్టకుండా దూరి తెల్లవార్లూ చూస్తూ ఉండటమే అనురాగమని నిరూపించాడు.

అదే కథను అతని నోట చెప్పించిన ‘మిడ్‌నైట్ సన్’ 2020లో వెలువడింది. అందులో ఈ పనికి అతనికి తన మీద తనకే రోత పుడుతుంది. అయినా కిటికీ చట్రం మూలుగుతోంది కనుక మళ్లీ వచ్చేటప్పటికి దాన్నెలా సర్దాలా అని కూడా ఆలోచిస్తాడు. పశ్చాత్తాపం పనికి అడ్డు రాకపోవడం అతని ప్రత్యేకత. అమ్మాయి తండ్రి ఫోర్క్స్ పట్టణ పోలీసు అధిపతి కావడం వల్ల శాంతిభద్రతల గురించి మనం కంగారు పడనక్కరలేదు.

కొందరు వయసు ప్రస్తావన తెస్తారు. 1901లో పుట్టిన పెద్దమనిషికి పదిహేడేళ్ల పిల్లతో ప్రేమేమిటని వారి బాధ. అబ్బాయి ఎనిమిదేళ్లు పెద్దయితేనే పెదవి విరిచే మన మేనత్తలు గమనించవలసింది ఏమంటే, రక్తపిశాచిగా మారిన 1918 నుంచి అతని వయసు పదిహేడు దగ్గరే ఆగి ఉంది. పైగా నూరేళ్లు దాటినా హైస్కూలు విడవని విద్యాదాహం ఏ సంబంధంలో దొరుకుతుంది?

జీవశాస్త్రం తరగతిలో తొలిసారి పక్కన కూర్చున్నప్పుడు అతను పిడికిలి బిగించి ఆమెను కొరకొర చూస్తాడు. అది ద్వేషమని ఆమె అనుకుంటుంది గాని, నిజానికి ఆమె రక్తం తాగాలన్న కోరికను అతను అణచుకుంటున్నాడు. పక్కవారిని చంపకుండా ఉండటం మనమంతా రోజూ ఉచితంగా చేస్తున్న పనే అయినా, అందగాడు చేస్తే అది త్యాగం.

ఇదే వరుసలో 2007 నాటి నవల ‘ఎక్లిప్స్’లో ఈ కళ పరాకాష్ఠకు చేరింది. బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ను చూడబోతుంటే అతను ఆమె ట్రక్కు ఇంజనులోంచి ఒక భాగం ఊడదీశాడు. బడి వేళకు మళ్లీ బిగిస్తానని హామీ ఇచ్చాడు కనుక స్త్రీవిద్యకు వ్యతిరేకి అనలేము. ఆ తరువాత తాను వేటకు వెళ్తూ, ఆమెను ఇల్లు కదలనివ్వకుండా కాపలా కాసినందుకు చెల్లెలు ఆలిస్‌కు పసుపు పచ్చ పోర్షే కారు లంచమిచ్చాడు. ఇంట్లో ఉంటావా అని బెల్లానే అడిగి ఉంటే ఆ ఖర్చు మిగిలేది గాని, ఆమె ఉండనంటే ఏ గుణం చూసి ఆ నాయకుణ్ణి మెచ్చుకోవాలో విమర్శకులకు పాలుపోయేది కాదు.