పొగ ఎవరి పద్దు?

కట్టె, గడ్డి, గింజల నూనె లాంటి బయోమాస్ ఇంధనం మీద దేశాలు కలిసి కూర్చున్న ప్రతిసారీ చివర్లో ఒక ఉమ్మడి ప్రకటన వెలువడుతుంది. అందులో ఒక సున్నా ఉంటుంది. కట్టె కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్: సున్నా. ఊరు మారుతుంది, వేదిక మీద పూలకుండీలు మారతాయి, కరచాలనాల ఫోటోలో మంత్రులు మారతారు. సున్నా మాత్రం చెక్కుచెదరదు. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కళ్లు పోగొట్టుకున్న మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం. వాళ్లు అది పొగే అనుకున్నారు.

ఈ సున్నాను నిలువెత్తున చూడాలంటే ఇంగ్లండులో నార్త్ యార్క్‌షైర్ వెళ్లాలి. అక్కడి డ్రాక్స్ విద్యుత్ కేంద్రం ఒకప్పుడు బొగ్గు కాల్చేది, ఇప్పుడు కట్టె పెల్లెట్లు, అంటే కట్టె పొడిని ఒత్తి చేసిన గుళికలు, కాలుస్తోంది. ఇంగ్లండులో అంత అడవి ఎక్కడుందని అడక్కండి. సరుకులో ఎక్కువ భాగం అమెరికా నుంచే వస్తుంది. మిసిసిపీ, లూసియానాల్లో పైన్ చెట్టు పడుతుంది. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే కాబట్టి దాన్ని పది శాతం లోపుకు ఆరబెట్టాలి. ఆరబెట్టడానికి బెరడు కాల్చాలి. ఆపైన పొడి కొట్టి, ఆరేడు మిల్లీమీటర్ల రంధ్రాలున్న డైలోంచి ఒత్తుతారు. ఆ రాపిడి వేడికి కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి బంకలా పట్టుకుంటుంది. టన్ను పెల్లెట్లకు దాదాపు రెండు టన్నుల పచ్చి కట్టె. బేటన్ రూజ్ రేవులో ఓడెక్కి, అట్లాంటిక్ దాటి, ఇమ్మింగ్‌హామ్ లాంటి రేవులో దిగి, రైలెక్కి డ్రాక్స్ చేరుతుంది.

దారి పొడవునా దానికి పెళ్లికొడుకు మర్యాదలు. చినుకు తగిలితే ఉబ్బి మళ్లీ రంపపు పొట్టయిపోతుంది కాబట్టి, వాన పడితే ఓడ మూతలు మూసేసి దించడం ఆపాలి. కుప్ప పోస్తే తనంతట తానే వేడెక్కుతుంది, నిప్పంటుకోకుండా నిల్వ గుమ్మటాల్లో నైట్రోజన్ సిద్ధంగా ఉంచాలి. ఓడ అడుగున కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. గాలి పరీక్షించకుండా మెట్లు దిగి చచ్చిపోయిన మనుషులున్నారు. ఇంత జరిగి, బాయిలర్‌లో పడి, పొగగొట్టం లోంచి బయటికొచ్చాక లెక్క ఎంత? సున్నా.

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లోని అంకెలు ఇవి: గిగాజౌల్ వేడికి మామూలు బిట్యుమినస్ బొగ్గు 94.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇస్తే, కట్టె 112 కిలోలు ఇస్తుంది. కట్టెదే ఎక్కువ. దాచిందేమీ లేదు, అచ్చులోనే ఉంది. ఇంధన పద్దులో దాన్ని సమాచారం కోసం రాసుకోండి, మొత్తంలో మాత్రం కలపకండి అని కూడా అచ్చులోనే ఉంది.

ఇప్పుడు ఆ పొగ పరిస్థితి ఆలోచించండి. పుట్టింది, ఎవరూ రాసుకోలేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసం లండన్‌లో కిటికీ దగ్గర నిలబడింది.

"ఎక్కడ పుట్టావు?"

"ఇక్కడేనండీ, మీ పొగగొట్టంలో, పావుగంట కింద."

"అది కాదు. చెట్టు ఎక్కడ పడింది?"

"మిసిసిపీలో."

"మరి ఇక్కడికెందుకొచ్చావు? చెట్టు పడిన రోజే నువ్వు పుట్టినట్టు వాళ్లు రాసేసుంటారు. నీ రికార్డంతా అక్కడే. నెక్స్ట్!"

పొగ పడుతూ లేస్తూ అట్లాంటిక్ దాటింది. అక్కడి గుమాస్తా పెద్ద పుస్తకం తిప్పాడు.

"అటవీ పద్దులో ఉన్నావు. కానీ విడిగా కనబడవు. దేశం మొత్తం మీద అడవి పెరిగింది కదా, అందులో నిన్ను తీసేశాం. నికరం చూడు, ఎంత పచ్చగా ఉందో."

"అంటే నేను లేనట్టా?"

"ఎవరన్నారు? ఉన్నావు. కనబడవు, అంతే."

"ఇంగ్లండు వాళ్లు మిమ్మల్నే అడగమన్నారండీ. ఇంతకీ మీరు ఆ పారిస్ వాతావరణ ఒప్పందంలో ఉన్నారా?"

"చేరాం. 2020లో బయటికొచ్చాం. 2021లో మళ్లీ చేరాం. 2025లో మళ్లీ పోతామన్నాం. లంచ్ తర్వాత రా, కనుక్కుని చెబుతా."

"మరి నేనెక్కడికి పోవాలి సార్?"

"పైకి."

నిజానికి ఈ నియమం పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. ఒకే కార్బన్‌ను అడవి పద్దులో ఒకసారి, కరెంటు పద్దులో మరోసారి రాయకూడదని అలా పెట్టారు. లెక్క ఎక్కడ రాయాలో చెప్పిన వాక్యాన్ని, పొగే లేదని చెప్పిన వాక్యంగా చదువుకుని సబ్సిడీలు పంచడం తర్వాత వచ్చిన తెలివి. కొట్టిన చెట్టు బదులు మరో చెట్టు పెరిగి ఆ కార్బన్‌ను మళ్లీ పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. సబ్సిడీకి అంత ఓపిక ఎక్కడిది? కెనడా కట్టె వివరాలు సరిగ్గా చూపలేకపోయినందుకు డ్రాక్స్ 2.5 కోట్ల పౌండ్లు కట్టేలా 2024 ఆగస్టులో బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తేల్చింది. తప్పు పొగది కాదు, కాగితానిది.

సున్నాతో ఆగినా బాగుండేది. ఐరోపా సమాఖ్య వాడిన వంటనూనెకు రెట్టింపు లెక్క పెట్టింది. ఆ నూనెతో చేసిన బయోడీజిల్ ఒక లీటరు పోస్తే, లక్ష్యంలో రెండు లీటర్లు పోసినట్టు. బజారుకు ఇది చప్పున అర్థమైంది. ఒక్కో సమయంలో మిరపకాయ బజ్జీలు వేగి నల్లబడ్డ నూనె, మూత తీయని పామాయిల్ కన్నా ఎక్కువ ధర పలికింది. అలాంటప్పుడు బజ్జీ వేయడం దేనికి, శనగపిండి దండగ! ఆసియా నుంచి వెళ్లే పీపాల్లో కొత్త పామాయిలే పాత పేరుతో వెళుతోందన్న అనుమానం ఐరోపాను కొన్నేళ్లుగా పీడిస్తోంది. ల్యాబ్‌లో పట్టుకోవడం కష్టం. వాడిన పామాయిలూ పామాయిలే, కొవ్వు ఆమ్లాల వరస అదే. ఇక దిక్కల్లా, ఇది వాడిన నూనే అని మొదట అమ్మినవాడు పెట్టిన సంతకం.

ఈ లెక్కలకు లొంగనిది ప్రపంచంలో ఒక్కటే ఉంది: బాయిలర్. దానికి సున్నా చూపిస్తే నమ్మదు, బూడిద చూపిస్తే నమ్ముతుంది. పంజాబ్‌లోని జల్‌ఖేరీలో 1992 ప్రాంతంలోనే 10 మెగావాట్ల కేంద్రాన్ని వరిగడ్డి కోసం కట్టారు. గడ్డితో నడపలేక ఊక, కట్టె ముక్కల వైపు మళ్లాల్సి వచ్చింది. గోధుమ గడ్డిలో బూడిద 5 శాతం చుట్టూ ఉంటే, వరిగడ్డిలో 15 నుంచి 20 శాతం, అందులో చాలా భాగం ఇసుకలో ఉండే సిలికా. పొటాషియం కరిగి ఆ సిలికాతో కలిసి గాజులా గడ్డకట్టి క్లింకర్ అవుతుంది. ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను క్లోరిన్ తినేస్తుంది. గడ్డి కాల్చడంలో డెన్మార్క్ వాళ్లు ఆరితేరారు. కోశాక వానకు తడిసి మళ్లీ ఎండిన గడ్డి నయమని, పొటాషియం, క్లోరిన్ కడుక్కుపోతాయని వాళ్లకు తెలుసు. అక్కడి క్రేన్ గడ్డి బేళ్లను, అంటే యంత్రం చుట్టిన కట్టలను, ఎత్తుతూనే తూకం, తేమ రెండూ చూస్తుంది. తేమ మించితే లారీ వెనక్కే. వాళ్ల బేలు ఒక్కొక్కటి 500 కిలోలు. మన మళ్లలో చిన్న బేలర్ చుట్టే కట్ట ఇరవై కిలోలకు అటూ ఇటూ. వాళ్ల క్రేన్‌కు ఇది పట్టుకోవడానికే దొరకదు. సహకారం అంటూ ఉంటే ఇక్కడ కావాలి: మన గడ్డికి, మన మడికి, రబీ నాట్లలోపు దొరికే ఆ కొద్ది రోజులకు సరిపోయే యంత్రం. దాని మీద ప్రకటన రాయడం కష్టం. అందులో సున్నా పట్టదు.

సరే, మన ఊరి లెక్కకు వద్దాం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అని చిన్న గోండు గూడెం. అక్కడి మహిళా సంఘాలు కానుగ నూనె తీసేవి. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ వర్క్‌షాప్ జరిగింది. వచ్చినవాళ్ల విమానాల పొగ ప్రపంచబ్యాంకు మనసుకు బరువైంది. పవర్‌గూడ నుంచి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు కొన్నది. ఇచ్చింది 645 డాలర్లు. ఘనకార్యమని చాటుకున్నారు కూడా.

147 ఎలా వచ్చింది? పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్‌కు బదులుగా వాడతారని అంచనా. నూనెలో సుమారు 78 శాతం కార్బన్, కిలో కార్బన్‌కు 3.67 కిలోల వాయువు. లెక్క కుదిరింది. ఇక రెండో వైపు చూడండి. నాలుగు కిలోల గింజకు కిలో నూనె అనుకుంటే, 51 టన్నులకు 204 టన్నుల గింజ కావాలి. కాయ ఏరాలి, ఎండబెట్టాలి, కర్రతో కొట్టి గింజ తీయాలి, గానుగ ఆడించాలి. అప్పటి రేటున 645 డాలర్లంటే 29 వేల రూపాయలు. కిలో గింజకు 14 పైసలు! నూనె డబ్బు, గానుగలో మిగిలిన పిండి చెక్క డబ్బు వేరే వస్తుందంటారు. వస్తుంది. అది వాళ్ల సరుకు ధర. మీ పాపం ధర 14 పైసలా?

ఒక్క వర్క్‌షాప్ కోసం మీరు విమానాల్లో తగలేసిన కిరోసిన్‌కు ఒక గూడెం ఆడవాళ్లు పదేళ్లు గింజలు ఏరాలి, అదీ ముందే రాసిచ్చి! పైగా దానికి సహకారమని పేరు. డ్రాక్స్‌లో ఓడలకు ఓడలు కాలిస్తే సున్నా, బజ్జీ నూనెకు రెట్టింపు, చేత్తో ఏరిన గింజ దగ్గరికొచ్చేసరికి మాత్రం దశాంశాలతో సహా ఖచ్చితమైన లెక్క. గట్టిగా అడిగే నోరు లేనిచోటే గణితం ఇంత నిక్కచ్చిగా ఎందుకు పనిచేస్తుందో ఏ వర్కింగ్ గ్రూపూ చర్చకు పెట్టదు.

ఈ వ్యాసకర్త దగ్గర ఒక తీర్మానం ముసాయిదా సిద్ధంగా ఉంది. ఇకమీదట బయోమాస్ సదస్సుల్లో రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర జనపనార సంచి, పెన్నుతో పాటు ప్రతి ప్రతినిధికీ నాలుగు కిలోల గింజ వచ్చేంత కానుగ కాయ, ఒక కర్ర ఇవ్వాలి. హోటలు పచ్చిక మీద కూర్చుని కొట్టుకోవాలి. గానుగ బయట గేటు దగ్గర ఉంటుంది, క్యూ పాటించాలి. లీటరు నూనె తెచ్చి చూపించినవాళ్లకే మైకు.