నీలి అట్టకు మడి, పసుపు అట్టకు మైల

పియానో వాయించేవాళ్ళలో వర్ణవ్యవస్థ ఉంది. ఇది ఎవరి మీదా వేస్తున్న నింద కాదు. స్టాండు మీద పెట్టిన స్వరాల పుస్తకం అట్ట చూస్తే చాలు, ఎవరిది ఏ వర్ణమో తెలిసిపోతుంది. నీలమూ బూడిదా కలిసిన అట్ట మ్యూనిక్‌లోని హెన్లే అనే ప్రచురణకర్తలది. అది అగ్రవర్ణం. ఎర్ర అట్ట వియన్నాలో పుట్టిన వీనర్ ఊర్‌టెక్స్ట్‌ది, వియ్యమందుకోవడానికి ఏమాత్రం తీసిపోదు. లేత ఆకుపచ్చ అట్ట పీటర్స్ వారిది, లైప్‌జిగ్ పాత జమీందారీ. పసుపు అట్ట న్యూయార్క్ షిర్మర్ వారిది. మన దగ్గర పసుపు మంగళకరమే. మాస్టర్‌క్లాసుకు మాత్రం పసుపు పుస్తకం పట్టుకెళ్తే గురువుగారి కనుబొమలు నెత్తికెక్కుతాయి. ఇక అట్టే లేని జెరాక్స్ కాగితాలున్నాయి. వాటి సంగతి చివర్లో, కాస్త దూరంగా నిలబడి మాట్లాడుకుందాం.

ఈ మడికి శాస్త్రం పెట్టిన పేరు ఊర్‌టెక్స్ట్. జర్మన్ మాట, మూలపాఠం అని అర్థం. పంతొమ్మిదో శతాబ్దంలో బాఖ్‌నీ బీథోవెన్‌నీ అచ్చు వేసిన పరిష్కర్తలు దేవుడు ఇచ్చిన వరాన్ని పూజారుల్లా తమకు తోచినట్టు పంచిపెట్టారు. ఇక్కడ గట్టిగా, ఇక్కడ మెల్లగా, ఇక్కడ ఆవేశంగా అంటూ గుర్తులు చేర్చారు. ఏది స్వరకర్తదో ఏది తమదో తేడా తెలియకుండా అన్నీ ఒకే అచ్చులో కలిపేశారు. దానికి విరుగుడుగా 1948లో గుంటర్ హెన్లే అనే పారిశ్రామికవేత్త, ఇంట్లో తీరిగ్గా పియానో వాయించుకునే మనిషి, సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టాడు. నియమం బాగుంది. రాతప్రతి, మొదటి ముద్రణ, స్వరకర్త దిద్దిన ప్రతులు పోల్చి చూడాలి. పరిష్కర్త చేర్చినది బ్రాకెట్లోనో, చిన్న అక్షరాల్లోనో, స్లర్ (స్వరాలను కలిపి వాయించమనే వంపుగీత) అయితే చుక్కల గీతతోనో వేరుగా చూపాలి. ఎక్కడెక్కడ ఏ ప్రతి ఏమంటోందో వెనక చిట్టా ఇవ్వాలి.

మనవి ఏమిటంటే, ఊర్‌టెక్స్ట్ అన్న మాట ఎవరి సొత్తూ కాదు. పచ్చడి సీసా మీద 'ఇంట్లో చేసినది' అని అచ్చు వేసుకున్నంత తేలిగ్గా ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే అట్ట చూసి దండం పెట్టేవాడికీ పుస్తకం వెనక చిట్టా చదివేవాడికీ తేడా ఉంటుంది. మొదటివాళ్ళే ఎక్కువ.

మైల ఎలా అంటుకుంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. బాఖ్ 'వెల్-టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగంలో మొదటి ప్రెల్యూడ్ (చిన్న ప్రారంభ కృతి), సి మేజర్‌లో. పియానో నేర్చుకునే ప్రతి పిల్లా వాయించేదే. బాఖ్ రాసింది 35 బార్లు, అంటే నిలువు గీతలు విడగొట్టిన 35 తాళపు గళ్ళు. ష్వెంకే అనే ఆయన, 22కీ 23కీ మధ్య బాసు (అడుగు స్వరం) మరీ గెంతుతోందని నొచ్చుకున్నాడో ఏమో, అక్కడ ఒక బారు ఇరికించాడు. మన కావ్యాల భాషలో చెప్పాలంటే అచ్చమైన ప్రక్షిప్తం. 1837లో బీథోవెన్ శిష్యుడు చెర్నీ పరిష్కరించిన పీటర్స్ ముద్రణలోకి అది దర్జాగా నడిచి వచ్చింది. తరవాత ఫ్రెంచ్ స్వరకర్త గూనో ఆ ప్రెల్యూడ్ మీద తన 'ఆవే మరియా' రాగం కట్టినప్పుడు ఈ బారు కూడా కలిసొచ్చింది. ఇప్పుడు చర్చిలో పెళ్ళి జరిగిన ప్రతిసారీ బాఖ్ రాయని బారు బాఖ్ పేరున మోగుతోంది. మీ దగ్గరున్న ప్రతిలో బార్లు లెక్కపెట్టండి. 36 వస్తే అతిథి ఇంట్లోనే ఉన్నాడు.

అలాగని శుద్ధమైన ప్రతి తెస్తే సుఖమా? తెరిచి చూస్తే ఆ ప్రెల్యూడ్‌లో వేగం లేదు, గట్టిగానో మెల్లగానో లేదు, స్లర్ లేదు. బాఖ్ రాయలేదు మరి. వడ్డించని విస్తరిలా ఉంటుంది. ఇంటికొచ్చి పాఠం చెప్పే మాస్టారు లేని పిల్లకి ఇదిచ్చి 'శైలి తెలుసుకుని వాయించు' అనడం, ఈత రానివాడికి గోదావరి లోతు లెక్క చేతిలో పెట్టడమే. చెర్నీ ప్రతి ఎంత మైలపడినా, కనీసం ఒక మనిషి పక్కన కూర్చుని ఇక్కడ పెంచు, ఇక్కడ తగ్గించు అన్నట్టుంటుంది. కాకపోతే ఆ మనిషి 1837 మనిషి. ఆయన చెవిలో ఉన్నది బాఖ్ నాటి మీటల వాద్యం హార్ప్సికార్డ్ కాదు.

అంతటి మడి పుస్తకంలోనూ నోట్ల పైనా కిందా 1, 2, 3, 4, 5 అని వేళ్ళ అంకెలు కనిపిస్తాయి. అవి బాఖ్ వేసినవా? ఒకటీ అరా తప్ప అన్నీ ఇరవయ్యో శతాబ్దంలోనో ఇప్పుడో ఒక పియానిస్టు వేసినవే. లోపలి మొదటి పేజీలో పరిష్కర్త పేరు కింద ఆయన పేరూ ఉంటుంది. మడి కట్టుకుని వండిన వంటలో పక్కింటాయన వేలు పెట్టాడన్నమాట. ఈ వేలు కూడా వద్దనేవాళ్ళ కోసం హెన్లే వారు కొన్ని కృతులను ఫింగరింగ్ లేకుండా వేరే నెంబరుతో అమ్ముతారు. చెయ్యి చిన్నదైన పదేళ్ళ పిల్లకి పెద్ద చేతి ఫింగరింగ్ పనికిరాదు, మార్చుకోవాల్సిందే. మార్చేది మొదటి వారంలోనే 2బి పెన్సిలుతో మార్చాలి. పరీక్ష నెలలో ఎడిషన్ మార్చి కొత్త ఫింగరింగ్ తెచ్చుకుంటే వేళ్ళు పాతదీ కొత్తదీ కాకుండా మూడోది వాయిస్తాయి.

పోలండ్ స్వరకర్త షోపాన్ దగ్గర మడి పూర్తిగా తడిసి ముద్దవుతుంది. ఆయన ఒక కృతిని పారిస్, లైప్‌జిగ్, లండన్, మూడు చోట్లా మూడు ప్రచురణకర్తలకు అమ్మేవాడు. ఒక దేశంలో హక్కు ఉంటే ఇంకో దేశంలో దొంగ ముద్రణ రాకుండా ఆగేది కాదు, అందుకని మూడూ దాదాపు ఒకేసారి వెలువడేవి. మూడింటికీ వెళ్ళిన ప్రతులు వేరు, మూడింటి ప్రూఫులు దిద్దిన చేతులు వేరు. పైగా లండన్ ప్రచురణకర్త వెసెల్ గారు మొదటి స్కెర్ట్సో అనే కృతికి 'నరక విందు' అనే అర్థం వచ్చే పేరు తగిలించాడు. షోపాన్ తిట్టుకున్నాడు. అచ్చయిన తరవాత కూడా ఆయన ఊరుకోలేదు. శిష్యురాళ్ళ పుస్తకాల్లో పెన్సిలుతో మారుస్తూ పోయాడు. ఇందులో మూలం ఏది? రాతప్రతా, పారిస్ ముద్రణా, పెన్సిలు గీతా?

సి మైనర్ ప్రెల్యూడ్, ఓపస్ (కృతుల వరస సంఖ్య) 28లో 20వది చూడండి. మొత్తం 13 బార్లు, నెమ్మదిగా నడిచే కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు. మూడో బారులో రెండో కార్డుకి 'ఇ' అనే స్వరం మీద నేచురల్ (ఫ్లాట్‌ని రద్దు చేసే) గుర్తు ఉంది. ఆ గుర్తు బారు చివరిదాకా చెల్లుతుంది. కాబట్టి ఆ బారు చివరి కార్డులో కూడా 'ఇ' నేచురల్‌గానే మోగాలి. ఒక శిష్యురాలి ప్రతిలో మాత్రం అక్కడ పెన్సిలుతో ఫ్లాట్ (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తు) పెట్టి ఉంది. ఫ్లాట్ అయితే ఆ కార్డు ఏడుస్తుంది, నేచురల్ అయితే ఒక్క క్షణం ఊరట. రెండూ వాయించేవాళ్ళున్నారు. రెండు పక్షాలూ ఎదుటివాళ్ళకి చెవులు లేవంటాయి. మీ ప్రతిలో ఏది అచ్చయిందో అది ముఖ్యం కాదు. రెండోది కూడా ఉందని వెనక చిట్టాలో చెప్పిందా లేదా అన్నదే ఆ ప్రతి జాతకం.

షోపాన్‌కి చాలాకాలం పాడెరెవ్‌స్కీ ఎడిషనే వేదం. 1919లో పోలండ్ ప్రధానమంత్రిగా కూడా చేసిన పియానిస్టు ఆయన. 1941లో పోయాడు. ఎడిషన్ సంపుటాలు వెలువడటం మొదలైంది 1949లో. ఉత్సవ విగ్రహం ముందు నడిచింది, మోసినవాళ్ళు వేరే. అందులో ఇబ్బంది ఏమిటంటే, ఒక ప్రతిలో పాఠమూ ఇంకో ప్రతిలో పాఠమూ కలిపి షోపాన్ ఎప్పుడూ రాయని పులగం తయారయింది. పులగం రుచిగానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. యాన్ ఎకియెర్ అనే పియానిస్టు నడిపిన పోలిష్ నేషనల్ ఎడిషన్ మొదటి సంపుటం 1967లో వచ్చి పని 2010లో ముగిసింది. ఒక పాఠాన్ని ఎంచుకుని, మిగతావి పాఠాంతరాలుగా పైన చిన్న అచ్చులో చూపిస్తుంది. షోపాన్ పుస్తకం ఒకటే కొనగలిగితే అది కొనండి.

'మూలప్రతిలో ఎలా ఉంటే అలా' అని గుండె మీద చెయ్యి వేసుకునేవాళ్ళకి మూన్‌లైట్ సొనాటా ఒక చిన్న కానుక ఇస్తుంది. బీథోవెన్ రాతప్రతి బాన్‌లో ఉంది, మొదటి ఆకు లేదు. అందరికీ తెలిసిన ఆ మొదటి బార్లకి గతి 1802 నాటి అచ్చుప్రతే. పైన 'సెంజా సోర్దీనో' అని ఉంటుంది. సోర్దీనో అంటే తీగల నోరు మూసే డాంపర్లు. అవి లేకుండా, అంటే కుడి పెడల్ తొక్కి వాయించమని. ఎడిషన్ ఏ వివరణా ఇవ్వకపోతే దాన్ని ఎడమ పెడల్ గురించిన మాటగా చదువుకుంటారు. సరిగ్గా చదివి, ఈనాటి పెద్ద పియానో మీద మొదటి నుంచి చివరిదాకా తొక్కిపెట్టినా కార్డు మీద కార్డు పేరుకుని రైల్వే ప్లాట్‌ఫాం మోత వస్తుంది. ఆయన నాటి పియానోలో మోత త్వరగా ఆరిపోయేది. ఇప్పుడు బాసు మారినచోట పెడల్ సగం వదిలి పట్టాలి. ఈ నాలుగు ముక్కలు ముందుమాటలో చెప్పిన ఎడిషన్‌కి డబ్బు పెట్టొచ్చు.

మడికి కాలపరిమితి కూడా ఉంటుంది. టర్కిష్ మార్చ్ ఉన్న మొజార్ట్ ఎ మేజర్ సొనాటా, ఆయన కృతుల పట్టికలో కె. 331, స్వదస్తూరీలో చివరి ఆకు ఒక్కటే మిగిలిందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. 2014లో బుడాపెస్ట్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఇంకో నాలుగు పేజీలు దొరికాయి. వాటిలో కొన్ని నోట్లు, గుర్తులు అచ్చులో ఉన్నట్టు లేవు. ప్రచురణకర్తలు మళ్ళీ అచ్చు వేశారు. రాత్రికి రాత్రి ప్రపంచవ్యాప్తంగా నీలి అట్టలు, ఎర్ర అట్టలు మైలపడ్డాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఆ సొనాటా కొంటుంటే కాపీరైట్ సంవత్సరం చూడండి. 2014కి ముందుదైతే బేరమాడండి.

ఇక 'ఫర్ ఎలీజ్'. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం ఆరు దాటితే మూడు అంతస్తుల్లో వినబడే కృతి. బీథోవెన్ పోయిన 40 ఏళ్ళకి, 1867లో, నోల్ అనే ఆయన అచ్చు వేయించాడు. ఆయన చూసిన రాతప్రతి ఇప్పుడు లేదు. ఆయన అచ్చులో ఏడో బారు కుడిచేతి రెండో నోటు 'ఇ'. అదే సంగతి మళ్ళీ వచ్చినచోట 'డి'. తరవాతి పరిష్కర్తలు ఒకటి చేద్దామని కొందరు అటు, కొందరు ఇటు సర్దారు. మూడో అంతస్తు పిల్ల తప్పు వాయిస్తోందని రెండో అంతస్తువాళ్ళు నవ్వే ముందు ఇరుపక్షాల అట్టలూ తెప్పించి చూడటం న్యాయం.

మడి మరీ ముదిరిన పరిష్కర్తల్లో అలెస్సాండ్రో లాంగో గారిని తలుచుకోకుండా ఉండలేం. ఇటలీ స్వరకర్త స్కార్లట్టి సొనాటాలు 555. వాటిలో పక్కపక్క స్వరాలు కరకరమని రాసుకునే కార్డులు స్కార్లట్టి కావాలనే వేశాడు, స్పానిష్ గిటారు గీరినట్టు. లాంగో వాటిని రాతపొరపాట్లనుకుని కడిగి తుడిచి ఆరబెట్టాడు. ఆవకాయలో కారం ఎక్కువైందని నీళ్ళు పోసి కడిగినట్టు. ఈ సొనాటాలకి పెట్టిన 'ఎల్' నెంబర్లు ఆయనవి, 'కె' నెంబర్లు (మొజార్ట్ 'కె' వేరు) కిర్క్‌ప్యాట్రిక్‌వి. నెంబరు ఏదైనా ఫర్వాలేదు, నోట్లు మాత్రం లాంగోవి తీసుకోకండి.

పసుపు అట్టని వెనకేసుకొచ్చేవాడు ఒకడుండాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాం. షిర్మర్ చాలామటుకు పాత పరిష్కర్తల ప్రతుల్నే మళ్ళీ అచ్చు వేసింది. బీథోవెన్‌కి బ్యూలో, లెబెర్ట్‌లు, షోపాన్‌కి ఆయన శిష్యుడు మికులి. మికులి నేరుగా గురువు దగ్గర నేర్చుకున్నవాడు, ఆయన మాటకి విలువ ఉంది. బ్యూలో ఫుట్‌నోట్లు ఒక గొప్ప పియానిస్టు ఆలోచనలుగా చదువుకుంటే బంగారం, బీథోవెన్ ఆజ్ఞలుగా చదువుకుంటే ప్రమాదం. ధర తక్కువ. పక్కన ఊర్‌టెక్స్ట్ పెట్టుకుని చదివితే పసుపు పుస్తకం పాఠం చెప్పే తాతయ్య. ఒంటరిగా ఉంటే మాత్రం కథలు కల్పించే తాతయ్య.

కొట్లో పుస్తకం చేతికొచ్చినప్పుడు మొదటి పేజీ నోట్లు చూడకండి. వెనక్కి తిప్పండి. పాఠభేదాల చిట్టా లేకపోతే, ఉన్నా 'కొన్ని పొరపాట్లు సవరించాం' అని ఒక్క వాక్యంతో సరిపెడితే, అది అట్ట మాత్రమే. తరవాత లోపల బ్రాకెట్ల కోసం వెతకండి. బాఖ్ పేజీ నిండా 'క్రెషెండో'లు (క్రమంగా పెంచమనే గుర్తులు) ఉండి ఒక్క బ్రాకెట్టూ లేకపోతే, ఎవరో తమ మాట బాఖ్ నోట్లో పెట్టారు. చివరగా పేజీ తిప్పేచోటు చూడండి. మంచి ప్రచురణకర్త కుడి పేజీని వీలైనంతవరకూ ఏదో ఒక చేతికి విరామం ఉన్నచోట ముగిస్తాడు.

డబ్బు లేదా? మైలపడటానికి తొందరేం లేదు. ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత ఇంటర్నెట్ గ్రంథాలయం 2006 నుంచి ఉంది. అందులో ముందు కనబడ్డది దించుకోవడమే అసలు తప్పు. వెల్-టెంపర్డ్ క్లావియర్‌కి చెర్నీ ప్రతిని దాటి కిందికి వెళ్ళి, బాఖ్ సొసైటీ సంపుటాల్లో 14వది, 1866లో క్రోల్ పరిష్కరించినది తీసుకోండి. అలంకారాల్లేని నికార్సైన పాఠం. మొజార్ట్‌కి నూతన సమగ్ర ముద్రణ మొత్తం సాల్జ్‌బుర్గ్ మొజార్టేయం వాళ్ళ సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు.

దించుకున్నాక జెరాక్స్ షాపు. ఇక్కడ దూరంగా నిలబడక తప్పదు. హెన్లే పుస్తకం ఎత్తు 31 సెంటీమీటర్లు, ఎ4 కాగితం 29.7. పాత జర్మన్ ముద్రణలు కూడా ఎ4 కన్నా పెద్దవే. 'ఫిట్ టు పేజ్' నొక్కితే ప్రింటర్ తన అంచులు కూడా వదిలి ఇంకా కుదిస్తుంది. నాలుగో వేలు అంకె ఒకటో వేలులా కనబడుతుంది. స్కాన్‌లో తెల్ల అంచులు కత్తిరించి, ఎ3 మీద రెండు పేజీలు పక్కపక్కన తీయించండి. రెండువైపులా తీయిస్తే ముందు ఖాళీ పేజీ ఒక్కటి చేరినా కుడి ఎడమలు తారుమారై, పేజీ తిప్పే చోటు సరిగ్గా రెండు చేతులూ పరుగెత్తే బారు మధ్యకి వచ్చి పడుతుంది. స్పైరల్ బైండింగ్ వేయిస్తే లోపలి అంచు ఒక సెంటీమీటరు వదలమని ముందే చెప్పండి, లేదంటే రంధ్రాలు వరస మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తులని కొరికేస్తాయి.

ఇంటికి తెచ్చి స్టాండు మీద పెట్టాక ఇంకో పరిష్కర్త మిగిలి ఉంటాడు, సీలింగ్ ఫ్యాన్. ఐదో నెంబరులో తిరుగుతూ, ఫ్యూగ్‌లో (ఒకే రాగాన్ని గొంతులు వంతులవారీగా అందుకునే కృతి) మూడో గొంతు వచ్చేవేళకి, పేజీని తనకి తోచినట్టు తిప్పుతాడు. బట్టల క్లిప్పులు రెండు, ఎడమవైపు ఒకటి కుడివైపు ఒకటి పెట్టండి. కుడివైపుది తీయడం మరిచిపోయి పేజీ తిప్పితే 36వ బారు దాకా చిరుగుతుంది, అంటే ష్వెంకే గారిది కలుపుకుంటే.