‘ట్రక్కెక్కితే లక్ష డాలర్లు’ సందేశంలో నిజమెంత?

ఈ వారంలో ఆ సందేశం నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. చివరగా పంపింది మా చిన్నాన్న కొడుకు. "నువ్వు చేసేది ఇదే పని కదా అన్నయ్యా, నిజమేనా?" అని అడిగాడు. నిజమే, ఆరేళ్ళుగా డాలస్‌లోని ఒక సరుకు టెర్మినల్ నుంచి రాత్రిపూట లైన్‌హాల్ నడుపుతున్నాను, అంటే ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు ట్రక్కులో సరుకు చేరవేయడం. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

సందేశం సారాంశం ఇది. అమెరికాలో ఐటీ ఉద్యోగం పోయినవాళ్ళు దిగులుపడనక్కర్లేదట, ఎల్‌టీఎల్ (పలువురి చిన్న సరుకులను ఒకే ట్రక్కులో కలిపి పంపే) సరుకు కంపెనీల్లో లైన్‌హాల్ డ్రైవర్లకు విపరీతమైన గిరాకీ ఉందట. ఒకటి, పదిహేను రోజుల్లో లైసెన్సు. రెండు, మొదటి ఏడాదే లక్షా ఇరవై వేల డాలర్లు, పైగా ఓవర్‌టైముకు ఒకటిన్నర రెట్లు. మూడు, సరుకు ముట్టుకోనక్కర్లేదు, ట్రక్కు దాదాపు తనంతట తానే పోతుంది, రోజూ ఇల్లు చేరవచ్చు. నాలుగు, ఓపీటీ (చదువయ్యాక విదేశీ విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) వాళ్ళూ హెచ్-1బీ వాళ్ళూ కూడా రాత్రిళ్ళు చేసుకోవచ్చు, తర్వాత కంపెనీయే వీసా ఇప్పిస్తుంది. అడుగున ఒక ఫోను నంబరు, సీటు కోసం ముందే డబ్బు కట్టాలన్న మాట.

లైసెన్సు సంగతి తొందరగా తేల్చేస్తాను. లెర్నర్ పర్మిట్ చేతికొచ్చాక 14 రోజులు గడవనిదే డ్రైవింగ్ పరీక్షకు రానివ్వరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి ప్రభుత్వ జాబితాలో ఉన్న బడిలో శిక్షణ కూడా తప్పనిసరి. రాత పరీక్ష, వైద్య పరీక్ష, మత్తుమందుల పరీక్ష, స్లాటు కోసం ఎదురుచూపు అన్నీ పదిహేను రోజుల్లో ఎలా ఇముడుతాయో ఆ రాసినాయన చెప్పాలి. అయినా లైసెన్సు ఉంటే ఉద్యోగం ఉన్నట్టు కాదు. చాలా ఎల్‌టీఎల్ కంపెనీలు కొంత అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి. కొన్ని కంపెనీలు మాత్రం తమ డాక్‌లో, అంటే ట్రైలర్లకు సరుకు ఎక్కించి దించే చోట, పనిచేసేవాళ్ళకు తామే నేర్పించి డ్రైవర్లను చేస్తాయి. అది మంచి దారి, కానీ దానికి ముందు ఫోర్క్‌లిఫ్ట్ మీద నెలలు గడపాలి.

అసలు మేం లాగేది ఒక ట్రైలరు కాదు. 28 అడుగుల ట్రైలర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. రెంటినీ కలిపేది డాలీ, అంటే చక్రాలున్న ఇనుప చట్రం. జనవరి రాత్రి యార్డులో గడ్డకట్టిన నీళ్ళ మీద నిలబడి దాని మెడను ముందు ట్రైలరు కొక్కేనికి తగిలించాలి. గొలుసులు వేయాలి, గాలి గొట్టాలు బిగించాలి, వెలుతురు తీగ కలపాలి, ఆ తర్వాత డాలీని వెనక ట్రైలరు కిందికి నెట్టాలి. ముందు ట్రైలరు వెనకభాగాన ఉన్న సర్వీసు గాలి కవాటం తెరవడం మరిచిపోతే వెనక ట్రైలరుకు బ్రేకు అందదు. అందుకే చిట్టచివరి కవాటం తెరిచి, బ్రేకు తొక్కి పెట్టినప్పుడు గాలి బుస్సుమని బయటికొచ్చేదాకా నేను ఎవరినీ నమ్మను, నన్ను నేను కూడా. బరువైన ట్రైలరు ముందుండాలి. స్టీరింగు ఒక్కసారి విసురుగా తిప్పితే ఆ ఊపు వెనక ట్రైలరు చేరేసరికి ఎన్నో రెట్లవుతుంది. దారి తప్పి ఇరుకు వీధిలోకి వెళ్తే వెనక్కి రావడం కుదరదు, ట్రైలర్లను విడదీయాల్సిందే. ఇంత పనికి ప్రభుత్వం అడిగే డబుల్స్ (జంట ట్రైలర్ల) అనుమతి కేవలం ఒక రాత పరీక్ష. మిగతాదంతా పక్కన నిలబడి నేర్పే పెద్దవాళ్ళ దయ. దీన్ని "తనంతట తానే పోతుంది" అని రాసినవాడు డాలీని కంటితో కూడా చూసి ఉండడు.

ఇక జీతం. ఇక్కడ ఒక మాట ఒప్పుకుంటాను, చాలామందికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. లక్ష డాలర్లు దాటే లైన్‌హాల్ డ్రైవర్లు నిజంగా ఉన్నారు, మా టెర్మినల్‌లోనే ఉన్నారు. కానీ దేశం మొత్తం మీద పెద్ద ట్రక్కుల డ్రైవర్ల మధ్యస్థ వేతనం 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో 57,440 డాలర్లు. మధ్యనున్న ఆ దూరం పేరు సీనియారిటీ. మాకు జీతం మైళ్ళ మీద. మంచి రూట్లకు బిడ్ వేయాలి, ముందు చేరినవాడిదే ముందు ఎంపిక. కొత్తవాడు ఎక్స్‌ట్రా బోర్డు మీద ఉంటాడు. అంటే ఏ రాత్రి ఏ ఊరికో, అసలు పిలుస్తారో లేదో తెలియక ఫోను పక్కన పెట్టుకుని పడుకోవడం. సరుకు తగ్గిన వారంలో ముందు ఆగేది వాడి ట్రక్కే. 2023లో ఎల్లో అనే పెద్ద ఎల్‌టీఎల్ కంపెనీ మూతపడి సుమారు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. ఇరవై ఏళ్ళ సీనియారిటీ ఉన్నవాళ్ళు కూడా కొత్త కంపెనీలో అట్టడుగు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైము అంటారా? రాష్ట్రాల మధ్య సరుకు నడిపే డ్రైవర్లను 1938 నాటి ఫెడరల్ వేతన చట్టమే ఆ నిబంధన నుంచి మినహాయించింది.

రోజూ ఇల్లు చేరడం చాలావరకు నిజం. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళి ట్రైలర్లు మార్చుకుని తిరిగొస్తే సుమారు 480 మైళ్ళు, 11 గంటల డ్రైవింగ్ పరిమితిలో సరిపోతుంది. నెలల తరబడి ఇల్లు చూడని డ్రైవర్లతో పోలిస్తే ఇది వరమే. కాకపోతే నేను ఇల్లు చేరేసరికి పిల్లలు బడికి బయలుదేరుతుంటారు.

ఇప్పుడు నాలుగో అంశం. మిగతా మూడూ అతిశయోక్తులు, ఇది కొంపలు ముంచేది. ఓపీటీలో చేసే పని చదివిన చదువుకు నేరుగా సంబంధించి ఉండాలి. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసినవాడు డబుల్స్ లాగడానికీ ఆ చదువుకూ ఏమిటి సంబంధం? హెచ్-1బీ ఏ కంపెనీ పేరున ఉందో ఆ కంపెనీ పనే చేయాలి. రెండో కంపెనీ కావాలంటే అది కూడా పిటిషను వేయాలి, డిగ్రీ అక్కర్లేని పనికి ఆ పిటిషను నిలవదు. "కంపెనీయే వీసా ఇప్పిస్తుంది" అన్నది మరీ దారుణం. వాణిజ్య ట్రక్కు డ్రైవర్లకు వర్కర్ వీసాల జారీని 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే ఆపేసింది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు వరుస అంటారా, భారతదేశంలో పుట్టినవాళ్ళకు అది పదేళ్ళు దాటింది. హెచ్-4 వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళు, అంటే హెచ్-1బీ వాళ్ళ భార్యలో భర్తలో, మాకు అడ్డేమిటి అనుకోవచ్చు. తాత్కాలిక హోదాలో ఉన్నవాళ్ళ వాణిజ్య లైసెన్సుల మీద 2025 సెప్టెంబరులో ఫెడరల్ రవాణా శాఖ నిబంధనలు బిగించింది, వర్క్ పర్మిట్ కార్డు ఒక్కటే చాలదంది. వ్యవహారం కోర్టులకెక్కింది. డబ్బు కట్టేముందు మీ రాష్ట్ర లైసెన్సు కార్యాలయంలో అడగండి, వాట్సాప్‌లో కాదు.

కిందటి నెల గుంటూరు వైపు అబ్బాయి ఒకడు ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఫోను చేశాడు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల్లో 60 అయిపోయాయట. సందేశం అడుగున ఉన్న నంబరుకు అప్పటికే డబ్బు పంపాడు. "వేరేవాళ్ళ పేరు మీద జీతం వేయిస్తామన్నారు అంకుల్, ఏమీ కాదు కదా?" అన్నాడు. ఎందుకు కాదు? అనుమతి లేని పని బయటపడితే దేశంలో ఉండే హోదా పోతుంది, రేపు ఏ వీసాకు వెళ్ళినా ఆ మచ్చ వెంటే వస్తుంది. యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయానికి పొద్దున్నే వెళ్ళమన్నాను. డబ్బు వెనక్కి రాలేదు. గడువు దగ్గరపడి నిద్రపట్టని పిల్లల్ని వెతికి మరీ వేసిన వల ఇది. దాన్ని మోసుకెళ్తున్నది మంచి మనసుతో ఫార్వర్డ్ నొక్కుతున్న మీరే.

గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉండి, రాత్రులు మేలుకోగలిగి, రెండు మూడేళ్ళు ఎక్స్‌ట్రా బోర్డు మీద ఓర్చుకోగల వాళ్ళుంటే నాకు ఫోను చేయండి. ఏ టెర్మినల్‌లో డాక్ ఉద్యోగాలున్నాయో పైసా తీసుకోకుండా చెబుతాను. ఆ సందేశం ఇప్పటికే గ్రూపులో పెట్టినవాళ్ళు మాత్రం దాన్ని తీసేసి, నాలుగో అంశం అబద్ధమని దాని స్థానంలో ఒక్క వాక్యం రాయండి.