కాన్వెంటు గోడ మీద ఐదు ఆశయాలు: తనిఖీ చేసేదెవరు?

తెలుగులో ‘కాన్వెంటు’ అన్న మాటకు ఇవాళ సిస్టర్లతో పని లేదు. ఊరి చివర రెండు గదులు అద్దెకు తీసుకుని నర్సరీ పెట్టినవాళ్ళూ బోర్డు మీద కాన్వెంట్ అనే రాయిస్తారు. ‘మా అమ్మాయి కాన్వెంటులో చదువుతోంది’ అంటే ఇంగ్లీషు మీడియం, టై, నల్లబూట్లు అని అర్థం చేసుకుంటాం. మాట ఇంతగా అరిగిపోవడంలో అసలు కాన్వెంట్ల తప్పు కూడా ఉంది. మఠకన్యలు నడిపే ఆడపిల్లల హైస్కూళ్ళు తమ ఆశయం ఏమిటో జనానికి అర్థమయ్యేలా చెప్పుకోలేదు. బయటికి కనిపించినవి ఇంగ్లీషు, క్రమశిక్షణ. ఆ రెండింటినీ ఎవరైనా అనుకరించవచ్చు. అనుకరించారు.

ఇప్పుడు ఇలాంటి బడి డైరీ తెరిస్తే మొదటి పేజీల్లో విజన్, మిషన్, మోటో కనిపిస్తాయి. ‘విలువలతో కూడిన విద్య’, ‘సర్వతోముఖ వికాసం’, ‘సేవాభావం’. వీటిని కాదనేవారు ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరూ కాదనలేని వాక్యం పెట్టుకున్న బడిని, మాట తప్పావని ఎవరూ అడగలేరు. ‘ఇది మీ దగ్గర జరగడం లేదు’ అని బయటివాళ్ళు వచ్చి చూపించగలిగేలా రాసుకున్నదే ఆశయం. ఆ పనిని ఒక పద్ధతిలో పెట్టిన క్యాథలిక్ సభ, అంటే సిస్టర్ల సంఘం, ఒకటుంది. ఫ్రాన్సులో పుట్టి, అమెరికాలో తన ఆశయాలను కాగితం మీదికి తెచ్చిన తిరుహృదయ సభ, అంటే సొసైటీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్. ముంబయిలో సోఫియా కాలేజీ, బెంగళూరులో సోఫియా హైస్కూలు వీళ్ళు మొదలుపెట్టినవే. వాళ్ళు నిలబెట్టుకున్నదీ, తప్పిందీ రెండూ మన కాన్వెంట్లకు పాఠాలే.

సభను స్థాపించిన మడలీన్ సోఫీ బారా 1779లో బర్గండీ ప్రాంతంలో పీపాలు చేసేవారి ఇంట పుట్టారు. పదకొండేళ్ళు పెద్దవాడైన అన్న లూయీ ఆమెకు లాటిన్, గ్రీకు, గణితం పట్టుబట్టి నేర్పారు. అప్పట్లో అవి మగపిల్లల చదువులు. 1800 నవంబర్ 21న పారిస్‌లో ఆమె మరి ముగ్గురు నలుగురితో కలిసి సన్యాస జీవితానికి అంకితమయ్యారు. మరుసటి ఏడాదే ఆమియెన్ పట్టణంలో మొదటి బడి నడిచింది. సంపన్నుల ఆడపిల్లలకు ఫీజుల బోర్డింగు స్కూలు, దాని పక్కనే పేదపిల్లలకు ఉచిత బడి. ఈ జంట ఏర్పాటు సభ స్వభావంలోనే భాగమైంది. 1818లో ఫిలిప్పీన్ దుషేన్ ఓడెక్కి అమెరికా చేరి, మిస్సోరీలోని సెయింట్ ఛార్లెస్‌లో బడి తెరిచినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించారు.

ఈ బళ్ళ మనసు తెలియాలంటే ఒక బొమ్మ చూడాలి. 1844లో రోమ్‌లోని త్రినితా దెయ్ మోంతి మఠంలో పోలీన్ పెర్ద్రో అనే ఫ్రెంచి యువతి గోడ మీద మరియమాతను చిత్రించింది. రంగులు మరీ గాఢంగా ఉన్నాయని సిస్టర్లు ముందు దానికి తెర కట్టేశారట. తడి ఆరాక రంగులు నెమ్మదించాయి. 1846 అక్టోబర్ 20న 9వ పయస్ పోపుగారు చూసి ‘మాతెర్ అద్మిరాబిలిస్’, అద్భుతమైన తల్లీ, అన్నారు. ఆ పేరే స్థిరపడింది. ఈ మరియ ఒళ్ళో బాలయేసు లేడు. గులాబీరంగు దుస్తుల్లో కూర్చున్న పడుచుపిల్ల. ఒక పక్క లిల్లీ పువ్వు, మరో పక్క నూలు వడికే కదురు, పాదాల దగ్గర పనిబుట్ట మీద తెరిచి ఉంచిన పుస్తకం. ప్రార్థన, చేతిపని, చదువు ఒకే చోట. ఆడపిల్లల బడికి ఇంతకన్నా స్పష్టమైన మిషన్ స్టేట్‌మెంట్ ఏ డైరీలోనూ చూడం.

మరి బొమ్మ ఉండగా కాగితం ఎందుకు కావలసి వచ్చింది? రెండో వాటికన్ మహాసభ, 1962 నుంచి 1965 వరకు, జరిగాక మఠాల జీవితం మారిపోయింది. సిస్టర్లు కొందరు సభ వదిలారు, కొందరు బడి వదిలి వాడల్లోకి వెళ్ళారు. అమెరికాలో కొన్ని బళ్ళు మూతపడ్డాయి. మిగిలినవాటిలో సభకు చెందని మామూలు టీచర్లు ఎక్కువయ్యారు. అంతవరకు విలువలు సిస్టర్ నడకలో, మాటలో, ప్రేయర్ బెల్లులో ఉండేవి, వాటిని ఎవరూ రాసి పెట్టలేదు. మనుషులు వెళ్ళిపోతుంటే రాయక తప్పలేదు. అలా 1975లో ‘గోల్స్ అండ్ క్రైటీరియా’ అనే పత్రం వచ్చింది. అందులోని ఐదు ఆశయాలివి. దేవుని పట్ల వ్యక్తిగతమైన, క్రియాశీలమైన విశ్వాసం. మేధో విలువల పట్ల గాఢమైన గౌరవం. చేతల్లోకి దింపే సామాజిక స్పృహ. క్రైస్తవ విలువగా కలిసి బతకడం. వివేకంతో కూడిన స్వేచ్ఛలో ఎదుగుదల. ఈ ఐదూ ఇప్పటికీ అవే. 1990, 2005, 2020లలో మారింది కింద ఉన్న క్రైటీరియా, అంటే కొలమానాలు.

బలమంతా ఆ రెండో మాటలో ఉంది. బడి ముందు తన్ను తాను పరిశీలించుకుని నివేదిక రాయాలి. టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు, పాలకమండలి అందులో పాల్గొనాలి. తర్వాత సభ తరఫున కమిషన్ పంపిన బృందం వచ్చి క్లాసుల్లో కూర్చుని, మాట్లాడి, రాసినదానికీ చూసినదానికీ ఎక్కడ పొసగలేదో చెబుతుంది. కొన్నేళ్ళకోసారి ఇది మళ్ళీ జరుగుతుంది. సేక్రెడ్ హార్ట్ బడి అన్న గుర్తింపు ఈ ప్రక్రియతో ముడిపడి ఉంది. బోర్డు పరీక్ష పిల్లలకుంటుంది, ఇది బడికి పెట్టే పరీక్ష.

మన దగ్గర కూడా ఆ మలుపే వచ్చింది. 1871లో సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ మొదలైనప్పుడు, 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్ సభ) సిస్టర్లు గుంటూరు వచ్చినప్పుడు బడి అంటే సిస్టర్లే. ఇప్పుడు చాలా చోట్ల హెచ్.ఎం. ఒక సిస్టర్, ఆఫీసులో మరొకరు, మిగిలినవాళ్ళంతా జీతం టీచర్లు, వాళ్ళలోనూ క్యాథలిక్కులు కానివారు ఎక్కువ. ఆశయాలు వాళ్ళ చేతికి ఏ రూపంలో అందుతున్నాయి? జూన్‌లో ఒకరోజు ఓరియంటేషన్, ఒక ఫైలు. అంతే.

మొదటి ఆశయమైన విశ్వాసం దగ్గరే పెద్ద తేడా ఉంది. మన కాన్వెంట్లలో పిల్లలు ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడిలో మతబోధకూ ఆరాధనకూ ఎవరినీ సమ్మతి లేకుండా కూర్చోబెట్టకూడదు. పిల్లలైతే సంరక్షకుల సమ్మతి కావాలి. అందుకే ఒకే పీరియడ్‌లో క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మతబోధకు, వెళ్తారు, మిగతావాళ్ళకు మోరల్ సైన్స్ ఉంటుంది. ఏర్పాటు సరైనదే. లోపం ఎక్కడంటే, మోరల్ సైన్స్‌ను మార్కుల్లేని మిగులు పీరియడ్‌గా చూడటం. పదో తరగతిలో దసరా సెలవులు అయ్యాయంటే ఆ పీరియడ్ మ్యాథ్స్‌కు పోతుంది. లైబ్రరీ పీరియడ్ సైన్స్‌కు పోతుంది. ఆటలు స్లిప్ టెస్టుకు పోతాయి. టైంటేబుల్ చూస్తే చాలు, బడి నిజంగా నమ్మేదేమిటో తెలిసిపోతుంది. ‘మేధో విలువల పట్ల గౌరవం’ అన్న రెండో ఆశయానికి కూడా అదే కొలమానం. పరీక్షల నెలల్లో లైబ్రరీ తెరిచి ఉందా? పాఠంలో లేని ప్రశ్న అడిగిన పిల్లకు జవాబు వస్తుందా, ‘అది సిలబస్‌లో లేదు, కూర్చో’ అన్న మాట వస్తుందా?

మూడోదైన సామాజిక స్పృహ విషయంలో మన అలవాటు బాగా తెలిసిందే. డిసెంబరులో ఒకరోజు బస్సెక్కించి వృద్ధాశ్రమానికి తీసుకెళ్తారు. పండ్లు పంచుతారు, పాటలు పాడతారు, ఫొటో దిగుతారు. మరుసటి రోజు ఆ ఊసే ఉండదు. పిల్లకు మిగిలేది తాను ఇచ్చేదాన్ననీ, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళనీ ఒక తేడా. ఇది చేయకపోవడం కన్నా చెరుపు. ‘చేతల్లోకి దింపే’ అన్న షరతు పెట్టినప్పుడు పని వేరుగా ఉంటుంది. ఒక క్లాసుకు ఒకే చోటు, ఏడాదంతా అదే చోటు. నెలకు కనీసం రెండు పూటలు, బడి వేళల్లోనే. ఆదివారం పెడితే ట్యూషన్‌కు వెళ్ళేవాళ్ళు, ఇంట్లో పని ఉన్నవాళ్ళు మానేస్తారు. వెళ్ళేముందు అక్కడి మనుషుల గురించి ఒక క్లాసు, వచ్చాక అరగంట మాట్లాడుకోవడం, సోషల్ పాఠంతో ముడి. వాషింగ్టన్ దగ్గరున్న స్టోన్ రిడ్జ్ సేక్రెడ్ హార్ట్ బడి హైస్కూలు పిల్లలకు కొన్ని బుధవారాలు క్లాసులు ఆపి ఇందుకే కేటాయిస్తుంది. గంటలు లెక్కగట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైతే మాత్రం మళ్ళీ మొదటికే వస్తుంది. పిల్లలు గంటల కోసం వెళ్తారు.

కలిసి బతకడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సేక్రెడ్ హార్ట్ బళ్ళలో ‘కాంజే’ అనే ఆచారం ఉంది. ముందు చెప్పకుండా ఒకరోజు పాఠాలు ఆపి చిన్నాపెద్దా కలిసి ఆడుకుంటారు. దీనికి ఖర్చు లేదు, రెండు వందల ఏళ్ళుగా వచ్చిన ఆచారాల్లో ఒకటిగా నిలిచింది.

ఐదోదైన స్వేచ్ఛే నా దృష్టిలో ఆడపిల్లల బడికి గుండెకాయ. మన కాన్వెంట్లు అన్నిటికన్నా వెనకబడింది కూడా ఇందులోనే. ‘సైలెన్స్’ అన్న బోర్డు, ఎడం చేతి పక్కన వరసగా నడక, రెండు జడలు, రిబ్బను రంగు, డైరీలో సంతకం. వీటిలో చెడ్డదేమీ లేదు. కానీ పదేళ్ళు ఇవే నేర్చిన పిల్లకు వినడమే వస్తుంది, అడగడం రాదు. స్కూల్ ప్యూపిల్ లీడర్‌ను టీచర్లే ఎంపిక చేస్తారు, మార్కులొచ్చి ఇంగ్లీషు బాగా మాట్లాడే పొడుగు పిల్లను. ఆ పిల్ల పని అసెంబ్లీలో ‘అటెన్షన్’ చెప్పడం. పోక్సో చట్టం 2012 ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలి, చేయకపోతే శిక్ష. కానీ ముందు పిల్ల నోరు తెరవాలి కదా! పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని మాత్రమే నేర్పిన బడిలో ఆ పిల్ల ఎవరి దగ్గర తెరుస్తుంది? స్వేచ్ఛను విలాసంగా చూసేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

స్వేచ్ఛ వయసును బట్టి కొలిచి ఇవ్వాలి. ఆరో తరగతిలో క్లాసు గోడ మీద ఏం పెట్టాలో పిల్లలే తేల్చుకోవచ్చు. ఎనిమిదిలో సైన్స్ ఫెయిర్ ఖర్చు డబ్బు వాళ్ళ చేతికిచ్చి లెక్క అడగవచ్చు. పదిలో బడి నియమాల్లో ఒకటి మార్చమని కారణాలతో రాసే హక్కు, దానికి రాతపూర్వకంగా జవాబు. ఆ జవాబు ‘కాదు’ అయినా సరే. ఎక్కడ చెడుతుందంటే, స్వేచ్ఛను మార్కులకు బహుమతిగా ఇచ్చినప్పుడు. ర్యాంకు పిల్లకు ఉన్న హక్కు వెనక బెంచీకి లేకపోతే అది స్వేచ్ఛ కాదు.

సేక్రెడ్ హార్ట్ సభ చరిత్రలో నల్లమచ్చ ఉంది. లూసియానాలో, మిస్సోరీలో అంతర్యుద్ధానికి ముందు ఆ మఠాలు నల్లజాతి మనుషులను బానిసలుగా ఉంచుకున్నాయి. సభ గుర్తించిన లెక్క సుమారు 150 మంది. పేదపిల్లకు ఉచితంగా చదువు చెప్పిన చేతులే మనుషులను కొన్నాయి. 2016లో సభ కమిటీ వేసి రికార్డులు తీయించింది. 2018లో లూసియానాలోని గ్రాండ్ కోటోలో ఆ బానిసల వారసులను పిలిచి పేర్లు చదివింది. మనవాళ్ళు దీన్ని శ్రద్ధగా చూడాలి. ఆశయాలు గొప్పగా రాసుకున్న సంస్థ వాటినే తన మీద తిప్పుకుని చూసింది. అయినా ఇప్పటి ఇబ్బంది తీరలేదు. న్యూయార్క్ 91వ వీధిలోని కాన్వెంటులో ఏడాది ఫీజు 60 వేల డాలర్లు దాటింది. పేదల బడి ఏదని అడిగితే స్కాలర్‌షిప్పులు చూపిస్తారు. అవి ఉచిత బడికి సాటి రావు.

మన జంట బళ్ళ సంగతి చూద్దాం. పాత కాన్వెంటు కాంపౌండ్లలో ఎయిడెడ్ తెలుగు మీడియం ఒక పక్క, ఫీజుల ఇంగ్లీషు మీడియం మరో పక్క ఉండేవి. రెండు యూనిఫాంలు, కొన్ని చోట్ల రెండు గేట్లు. ఎయిడెడ్ పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ కాక ఆ పక్క ఖాళీ అవుతూ వచ్చింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తన చేతిలోకి తీసుకోబోయి, నిరసనలు వచ్చాక ఎయిడెడ్‌గానే కొనసాగే అవకాశం కూడా వాటికి ఇచ్చింది. ఇక ఇంగ్లీషు మీడియం వైపు, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్ళు పేదపిల్లలకు కేటాయించాల్సిన 25 శాతం సీట్లు మైనారిటీ బళ్ళకు వర్తించవని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం ఆ తీర్పును తిరిగి చూడాలంది. తేలేవరకు చట్టం బలవంతం లేదు. అంటే ఎల్‌కేజీలో, ఆరో తరగతిలో ఎంతమంది పేదపిల్లలను ఫీజు లేకుండా తీసుకుంటారన్నది పూర్తిగా బడి ఇష్టం. మొదటి రోజునుంచి చెప్పుకుంటున్న ఆశయానికి ఇంతకు మించిన కొలమానం దొరకదు. ఎన్ని సీట్లో డైరీలో అంకె వేయాలి. ఆ పిల్లలను వేరే సెక్షన్‌లో పెట్టకూడదు.

తనిఖీకి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ఒక్కో సభకు ప్రావిన్సులో, అంటే ఒకే పాలన కింద ఉన్న ప్రాంతంలో, ఎన్నో ఊళ్ళలో బళ్ళున్నాయి. ఒక ఊరి నుంచి ఇద్దరు సిస్టర్లు, ఇద్దరు టీచర్లు, పదో తరగతి చదివి వెళ్ళిన ఒక పూర్వ విద్యార్థిని మరో ఊరు వెళ్ళి మూడు రోజులుంటే చాలు. ఆగస్టులో వెళ్ళాలి, యాన్యువల్ డే ముందు కాదు. హెచ్.ఎం. గదిలో టీ తాగడం ఆఖరి రోజుకు పెట్టుకోవాలి. మొదటి రోజు ఆయాతో, వాచ్‌మన్‌తో, ఫీజు బాకీ పడిన పిల్ల తల్లితో మాట్లాడాలి.