మందు అదే, పీల్చుడు వేరు

ఏప్రిల్లో అల్లుడుగారి ఆఫీసు ఇన్సూరెన్సు మారింది. కొత్త కంపెనీ ఓపీ మందులకు డబ్బిస్తుంది గానీ జెనెరిక్ (పెద్ద బ్రాండు పేరు లేకుండా అమ్మే అదే మందు) కొంటేనే. దాంతో బెంగళూరు మారతహళ్ళిలో కూతురింట ఉంటున్న మామగారి ఆస్తమా స్ప్రే పోయి, ఒక కాప్స్యూల్స్ సీసా వచ్చింది. వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్ 200, ఊపిరి గొట్టాలను తెరిచే ఫార్మొటెరాల్ 6 మైక్రోగ్రాములు. కాయితం మీద చూస్తే తేడా ఏమీ లేదు, పాత మందే.

తిరకాసంతా రోటాహేలర్ దగ్గర. కాప్స్యూల్లోని పొడిని పీల్చుకునే ఆ ప్లాస్టిక్ గొట్టం ‘పరికరం’ కింద లెక్కట, దానికి డబ్బు రాదు. వాళ్ళే ఇవ్వనన్నారంటే అది అనవసరమనే కదా అని మామగారు దాన్ని కౌంటర్ మీదే వదిలేసి, ఇంటికొచ్చి కాఫీతో ఒక కాప్స్యూల్ మింగేశారు.

“ఏమే, ఇందులో మందే లేదు. ఖాళీ డొప్పలు అంటగట్టాడు.”

ఉండేది చిటికెడు పొడే మరి, అందులోనూ చాలా వరకు లాక్టోజ్ అనే పాలచక్కెరే. మింగితే మందు ఊపిరితిత్తుల దాకా పోదు. పొట్టలోంచి కాలేయానికి వెళ్తే అక్కడే బుడెసొనైడ్ చాలా మటుకు విరిగిపోతుంది. ఆయాసం మాత్రం ఎక్కడిదక్కడే.

సాయంత్రానికి గొట్టం వచ్చింది. కాప్స్యూల్‌ని పారదర్శకంగా ఉన్న వైపు లోపలికి పోయేలా చదరపు కన్నంలో దూర్చి, అడుగుభాగాన్ని ఆగేదాకా తిప్పాలి. డొప్పలు విడిపోయి పొడి లోపల పడుతుంది. ఇక అక్కణ్ణించి అడ్డంగానే పట్టుకోవాలి. మామగారు పాత అలవాటు కొద్దీ గడగడా ఊపారు. డోసంతా పంచె మీద.

రెండో కాప్స్యూల్ వేశాక, ముందు ఊపిరి వదలాలని గుర్తొచ్చి గొట్టంలోకే ఊదారు. ఈసారి కళ్ళజోడు తెల్లబడింది. (బయటికి వదలాలి బాబూ! నోటి తేమ తగిలితే పొడి ముద్ద కడుతుంది.) మూడోది స్ప్రేలాగే సున్నితంగా పీల్చారు, సగం లోపలే మిగిలిపోయింది. స్ప్రేకయితే తోసే గ్యాసుంది, పొడిని లాగాల్సింది మన ఊపిరే. అందుకే ఒక్కసారిగా, గట్టిగా, లోతుగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. లోపల మిగిలితే మళ్ళీ పీల్చాలి. ఆనక నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే స్టెరాయిడ్ వల్ల నోట్లో తెల్లపూత వస్తుంది. జెనెరిక్ మందును తప్పుపట్టడానికేం లేదు. పీల్చే పద్ధతి ఒకసారి చేసి చూపించమని డాక్టర్నో ఫార్మసిస్టునో అడగకుండా సాధనం మార్చడమే తప్పు.

వారంలో ఆయనకు గట్టిపీల్పు బాగా ఒంటబట్టింది. ఎంతగానంటే, ఆయాసం ఎక్కువైనప్పుడు వాడే సాల్బుటమాల్ స్ప్రేని కూడా అదే ఊపుతో లాగారు. మందంతా వెళ్ళి గొంతుకి కొట్టింది. స్ప్రేని నొక్కుతూ మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా పీల్చాలి. అత్తగారు విసిగిపోయి రెండింటికీ చీటీలు అంటించారు. దీనికి ‘మెల్లగా’, దానికి ‘గట్టిగా’.

చదవాలంటే మామగారికి కళ్ళజోడు కావాలి. దాని నిండా బుడెసొనైడే.