చచ్చిన చేపకూ వెలిగింది

మళ్లీ వెలిగిందట. ఈసారి కొత్త ఫోన్ డబ్బా విప్పుతుంటే మెదడు వెలిగిందట. వార్త పక్కన బూడిదరంగు మెదడు బొమ్మ, దాని మధ్యలో నిప్పుకణిక లాంటి ఎర్ర మచ్చ. మొన్న దేవుణ్ణి తలుచుకుంటే వెలిగింది, అంతకుముందు పక్కవాడికి నష్టమొస్తే వెలిగింది. మన తలకాయల్లో ఇంత వెలుతురు పెట్టుకుని రాత్రిపూట లైట్లు ఎందుకు వేసుకుంటున్నామో నాకు అర్థం కాదు. చెవిలోంచి ఒక వైరు లాగితే సరిపోదూ?

ఫోన్ సంగతి కొత్తదేం కాదు. 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక మార్కెటింగ్ నిపుణుడు ఇలాగే ఐఫోన్ మీద మనకున్నది అలవాటు కాదు, అచ్చమైన ప్రేమ అని తేల్చేశాడు. రుజువేమిటయ్యా అంటే మెదడులో ఇన్సులా అనే భాగం చురుగ్గా కనిపించిందట. నలభైమందికి పైగా న్యూరో శాస్త్రవేత్తలు తలలు పట్టుకుని ఆ పత్రికకు ఉత్తరం రాశారు. మెదడు ప్రయోగాల్లో సుమారు మూడో వంతు వాటిలో ఆ ఇన్సులా ఎలాగూ చురుగ్గానే కనిపిస్తుంది, అసహ్యం వేసినప్పుడు కూడా. అంటే ఐఫోన్ చూసి జనం ముక్కు మూసుకున్నారని రాసినా రుజువు అదే, బొమ్మ అదే.

అసలు అక్కడ వెలిగేదేమీ లేదు. తల లోపల కటిక చీకటి. న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా వస్తుంది, ఈ బొమ్మలు తీసే ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే స్కానర్ పట్టుకునేది ఆ తేడాని. 1990లో సేజీ ఒగావా బృందం ఎలుకల్లో చూపించిన కిటుకు ఇది. న్యూరాన్ పని వెయ్యో వంతు సెకన్ల లెక్కలో అయిపోతే, రక్తం తాపీగా ఐదారు సెకన్లకు ఉధృతమవుతుంది. స్కానర్ మెదడును చిన్న చిన్న గడులుగా విడగొట్టి చూస్తుంది, మూడు మిల్లీమీటర్ల గడి ఒక్కదాంట్లో న్యూరాన్లు లక్షల్లో ఉంటాయి. వీధి చివర నీళ్ల మీటరు చూసి ఇళ్లలో ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో చెప్పడం లాంటిదన్నమాట. ఎరుపు రంగు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పూసింది.

పైగా మిగతా మెదడంతా ఆరిపోయి ఉందనుకుంటున్నారా? శరీరం బరువులో 2 శాతం ఉండే మెదడు, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం మింగుతుంది, రాత్రింబగళ్లు. ఏ పనీ చెప్పకుండా పడుకోబెడితేనే జోరందుకునే నెట్‌వర్క్ కూడా ఒకటుంది. 2001లో మార్కస్ రైకల్ బృందం దాన్ని గుర్తించి పేరు పెట్టింది. (ఈ ఒక్క విషయంలో నా మెదడు అందరికీ ఆదర్శం.) బొమ్మలో కనబడే మచ్చ రెండు స్థితుల మధ్య తీసివేత లెక్క, అంతే.

ఇక చేప దగ్గరికి వద్దాం. ఈ చేప గురించి రోజుకోసారి చెప్పమన్నా చెబుతాను.

2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక సాల్మన్ చేపను స్కానర్‌లో పడుకోబెట్టారు. ఒకటిన్నర అడుగు పొడవు, ఆరోగ్యం విషయానికొస్తే చచ్చిపోయింది. దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఈ ఫొటోలో వ్యక్తి ఎలాంటి భావోద్వేగంలో ఉన్నాడో చెప్పమని అడిగారు. ఒక్కసారి ఊహించుకోండి. మనుషులైతే స్కానర్‌లో దగ్గుతారు, ముక్కు గోక్కుంటారు, ఇంకా ఎంతసేపని విసుక్కుంటారు. తల కాస్త కదిలితే చాలు, స్కాన్ పాడవుతుంది. ఈ చేప మాత్రం కదల్లేదు, మెదల్లేదు, ఒక్క ఫొటో దగ్గర కూడా రెప్ప వేయలేదు. (చేపలకు రెప్పలుండవనుకోండి, అయినా ఆ శ్రద్ధను మెచ్చుకోవాలి.) ఎదుటి మనిషి బాధను ఇంత నిశ్శబ్దంగా విన్నవాళ్లు నా ఎరుకలో ఇంకెవరూ లేరు.

ఫలితం? వెలిగింది! చచ్చిన చేప మెదడులో చక్కటి ఎర్ర మచ్చ.

బెన్నెట్ బృందం చూపించాలనుకున్నదీ అదే. వేలమంది చేత పదేసిసార్లు నాణెం ఎగరేయిస్తే, పదిసార్లూ బొమ్మే పడ్డ మహానుభావుడు ఎవడో ఒకడు దొరుకుతాడు. మెదడులో వేల గడులను విడివిడిగా పరీక్షించినా అంతే, కొన్ని ఊరికే ఎర్రబడతాయి. దానికి సరిదిద్దే లెక్క వేస్తే చేప మళ్లీ చచ్చిపోయింది. ఆ లెక్క వేయకుండానే అప్పట్లో బోలెడు పేపర్లు అచ్చయ్యాయి. 2012లో ఈ పనికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. అందరూ నవ్వారు. నవ్వి, మళ్లీ ఫోన్ వార్తలు రాసుకున్నారు.

ఈ యంత్రం ఉత్తదని నేననడం లేదు. నా కోపమంతా అక్కడే. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, కారు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా ఎవరి పిలుపుకూ స్పందించని 23 ఏళ్ల అమ్మాయిని ఇదే స్కానర్‌లో పడుకోబెట్టింది. టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అన్నారు. మీ ఇంట్లో గదుల్లో తిరుగుతున్నట్టు ఊహించుకో అన్నారు. రెండింటికీ ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదళ్లలాగే, వేర్వేరు చోట్ల స్పందించింది. ఆ అమ్మాయి లోపల ఉంది. వింటోంది. 2010లో అలాంటి ఇంకో రోగి అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు అనే ఒప్పందం మీద ఆరు ప్రశ్నల్లో ఐదింటికి సరైన జవాబులు చెప్పాడు. నోరు పెగలని మనిషికి మిగిలిన ఒకే ఒక్క గొంతు, ఆ ఎర్ర మచ్చ!

దాన్ని తీసుకెళ్లి ఫోన్ అమ్ముకోవడానికి అతికిస్తారా? బిడ్డకు చదువు రావడం లేదని కళ్లనీళ్లు పెట్టుకునే తల్లిదండ్రుల చేతిలో ఓ రంగుల మెదడు మ్యాప్ పెట్టి, ఇదిగో ఈ నెట్‌వర్క్ డల్‌గా ఉంది, మా కోర్సు తీసుకోండి అంటారా? ఒక్కొక్క పిల్లాడి మెదడు బొమ్మ చూసి వాడి భవిష్యత్తు చెప్పగల విద్య ఈ భూమ్మీద ఎవరికీ రాదు. ఒళ్లంతా కలిపి 302 న్యూరాన్లే ఉన్న ఓ చిన్న పురుగు నాడీవ్యవస్థ వైరింగ్ మొత్తం 1986లోనే గీసి పెట్టారు, ఆ పురుగు తర్వాత ఏం చేస్తుందో ఇవాళ్టికీ పూర్తిగా చెప్పలేకపోతున్నాం. మీరు 8,600 కోట్ల న్యూరాన్లున్న బిడ్డ జాతకం అరగంటలో ప్రింటు తీసి ఇస్తారా? సిగ్గుండాలి!

సరే, బీపీ పెరుగుతోంది. ఇంతలో ఇంకో వార్త వచ్చింది. సోమవారం పొద్దున మెదడులో ఏదీ వెలగదట. ఇది మాత్రం కొంచెం నమ్మబుద్ధేస్తోంది.